గుమ్మం ముందు ఇజ్మేలీ

ఆ ఏడాది మా రాజధాని పోర్టో ప్రిన్స్‌లో ఎవరి నోరు చూసినా రెండే పనులు. తినడం, పరదేశీ సైన్యం రావాలా వద్దా అని వాదించడం. మా పేటలో ఆ రెండూ ఇజ్మేలీ పొయ్యి దగ్గరే జరిగేవి. పచ్చి అరటికాయ ముక్కల్ని వేయించి, చెక్కతో అదిమి, మళ్ళీ నూనెలో వేసి, కారం క్యాబేజీ పచ్చడితో పెట్టేది. తిన్నవాళ్ళు చేతులు తుడుచుకుని దేశాన్ని ఉద్ధరించడం మొదలుపెట్టేవాళ్ళు.

పొయ్యికి ఈ పక్క ఫెనెలాన్ మేష్టారు, ఆ పక్క మంగలి దెలీన్వా.

"పందొమ్మిది వందల పదిహేనులోనూ ఇదే పాట పాడారయ్యా, మిమ్మల్ని కాపాడ్డానికొచ్చామని! పందొమ్మిదేళ్ళు కదిల్తే ఒట్టు!" అనేవారు మేష్టారు.

"మీ పదిహేను సంగతి తర్వాత మేష్టారూ, నిన్న మా వీధిలో ముఠాలవాళ్ళు ముగ్గుర్ని కాల్చారు. తుపాకీ పట్టుకుని సాక్షాత్తూ సైతానే వచ్చినా కుర్చీ వేసి గడ్డం గీస్తాను నేను!"

"గీస్తావు, గీస్తావు. నీ పీకే తెగేది."

ఇజ్మేలీ ఒక్క మాటా అనేది కాదు. అనడానికి లేకనా? ముఠాలవాళ్ళు ఆమె పాత ఇల్లు తగలబెట్టారు. ఇప్పుడు తల్లీకూతుళ్ళు ఉమ్మడి వాకిట్లో నాలుగు రేకుల కింద, గుమ్మానికి దుప్పటి కట్టుకుని బతుకుతున్నారు. ఇక కూతురు విడ్లీన్ తండ్రి, అంతకుముందు మమ్మల్ని కాపాడటానికి వచ్చిన నీలి టోపీల సైన్యంలో ఒకడు. ఈ సంగతి వాకిట్లో పెద్దవాళ్ళందరికీ తెలుసు. తెలియనిది విడ్లీన్ ఒక్కదానికే. మీ నాన్న పడవ మునిగి పోయాడని తల్లి చెప్పింది, పిల్ల నమ్మింది.

ఇజ్మేలీని పెంచింది జెరెమీ కొండల్లోని అమ్మమ్మ. అక్కడ ఒకరింటికి వెళ్తే గుమ్మం బయటే ఆగి ‘ఒనే!’ అని కేకెయ్యాలి, గౌరవం అని. లోపలివాళ్ళు ‘రెస్పే!’ అనాలి, మర్యాద అని. ఆ జవాబు రాకుండా కాలు పెట్టేవాడు దొంగైనా అయ్యుండాలి, పోలీసైనా అయ్యుండాలి. పట్నం వచ్చాక అందరం ఆ అలవాటు గాలికొదిలేశాం, ఇజ్మేలీ వదల్లేదు. మా ఇంటికి బకెట్ అడగడానికి వచ్చినా గుమ్మం బయట నిలబడి ‘ఒనే’ అనేది. మేం వెక్కిరించేవాళ్ళం.

ఆ అలవాటే ఒకసారి ఆమె కొంప ముంచింది. నీలి టోపీవాడు రోజూ అరటికాయ చెక్కలకని వచ్చాడు, పెళ్ళి చేసుకుంటానన్నాడు, ఆమెకు నెలలు నిండేసరికి అయిపు లేకుండా పోయాడు. చంటిపిల్లను ఎత్తుకుని ఇజ్మేలీ వాళ్ళ శిబిరం గేటు దగ్గరికి వెళ్ళింది. అలా వచ్చిన ఆడవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళు గేటు పట్టుకుని ఊపారు, తిట్టారు, రాళ్ళు విసిరారు. ఎవడో ఒక అధికారి బయటికొచ్చి వాళ్ళతో నాలుగు ముక్కలు మాట్లాడాడు. ఇజ్మేలీ మాత్రం గేటుకు రెండడుగుల దూరంలో నిలబడి ‘ఒనే!’ అంది. జవాబు కోసం ఎదురుచూసింది. మళ్ళీ అంది. పొద్దు వాలేదాకా అలాగే నిలబడింది పిచ్చిది! చివరికి కాపలావాడు వచ్చి ఎవరు కావాలని అడిగాడు. ఆమె వాడి పేరు చెప్పింది. ఆ పేరుగలవాడు ఇక్కడెప్పుడూ లేడన్నాడు.

ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ సైన్యం మాట లేచింది. చర్చి హాల్లో బహిరంగ చర్చ, రేడియోలో ప్రత్యక్ష ప్రసారం అన్నారు. మేష్టారు పొయ్యి దగ్గరికి వచ్చి గొంతు తగ్గించారు.

"అమ్మా ఇజ్మేలీ, నువ్వొచ్చి ఆ సైనికుడి సంగతి చెప్పాలి. ఇల్లు కాలిన సంగతి మటుకు ఎత్తకు. అది సైన్యం రావాలనేవాళ్ళకు ఉపయోగపడుతుంది."

మేష్టారు అటు వెళ్ళగానే దెలీన్వా ఇటొచ్చాడు.

"అక్కా, ఇల్లు కాలింది చెప్పు, చాలు. ఆ పాత గొడవ ఇప్పుడెందుకు? నలుగుర్లో నీకే పరువు తక్కువ."

ఇజ్మేలీ గరిటె గిన్నెకేసి కొట్టింది. "నేనేమన్నా చేపనా, తల ఆయనకీ తోక నీకూ పంచడానికి? పో, పోయి గడ్డాలు గీసుకో!"

వెళ్ళకూడదనే అనుకుంది. కానీ ఆ వారమే నీళ్ళ కొళాయి దగ్గర ముఠా మనిషి ఒకడు విడ్లీన్‌ను ఆపి పేరడిగాడు. పేరడిగాడంటే తర్వాత ఏం జరుగుతుందో మా పేటలో తెలియని తల్లి లేదు. ఆ రాత్రి ఇజ్మేలీకి కన్ను మూత పడలేదు. సైన్యం రావాలి. ఎవరో ఒకరు రావాలి. కానీ ఈసారి వచ్చేవాళ్ళు పేర్లు ఇచ్చి రావాలి, తప్పు చేస్తే ఇక్కడే నిలబడి జవాబు చెప్పాలి. ఇంతే ఆమె చెప్పదలుచుకుంది. పిల్ల పుట్టుక ఊసు రానివ్వకూడదని ఒట్టు పెట్టుకుంది. అయినా ఎందుకైనా మంచిదని ఇంట్లో రేడియో బ్యాటరీలు తీసి రవికెలో దోపుకుని మరీ వెళ్ళింది.

హాలు కిటకిటలాడుతోంది. ప్యారిస్‌లో చదివిన లాయరు గంటసేపు సార్వభౌమత్వం అన్నాడు. సహాయ సంస్థ పెద్దమనిషి ఇంకో గంట మానవత్వం అన్నాడు. ఇజ్మేలీ వంతు వచ్చేసరికి వ్యాఖ్యాత గడియారం చూసుకుంటున్నాడు.

"టైం లేదమ్మా, ఒక్క ముక్కలో చెప్పండి. రావాలా, వద్దా?"

"రావాలి బాబూ. నా ఇల్లు కాల్చారు, నా పిల్లని..."

సగం హాలు చప్పట్లు కొట్టింది. దెలీన్వా బల్ల ఎక్కి ఈల వేశాడు.

"ఉండండయ్యా, అవలేదు! రావాలి గానీ పోయినసారి వచ్చినట్టు కాదు. గుమ్మం బయట ఆగి, మేం రమ్మన్నాక..."

మిగతా సగం చప్పట్లు కొట్టింది. మేష్టారు లేచి, "విన్నారా! వద్దంటోంది తల్లి!" అని అరిచారు.

"వద్దన్లేదు మేష్టారూ!"

"అయితే రావాలంటారా? సూటిగా చెప్పండమ్మా, జనం వింటున్నారు" అన్నాడు వ్యాఖ్యాత.

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఇజ్మేలీకి ఒళ్ళు మండిపోయింది. పెట్టుకున్న ఒట్టు ఆ మంటలో కాలిపోయింది.

"వాళ్ళొచ్చి నా కడుపున పిల్లని పెట్టి పోయారయ్యా! పేరైనా నిజం చెప్పలేదు! ఆ పిల్లని ఈ ముఠాలవాళ్ళెత్తుకుపోకుండా కాపాడమని మళ్ళీ వాళ్ళనే పిలవాలి నేను! దీన్ని ఒక్క ముక్కలో ఎలా చెప్పమంటావు?"

వ్యాఖ్యాత మళ్ళీ గడియారం చూసుకుని, చిన్న విరామం తర్వాత కలుద్దామన్నాడు. సబ్బు ప్రకటన వచ్చింది.

నాకు ఇప్పటికీ కడుపు మండేది ఆ సబ్బు గురించే.

దారి పొడుగునా మేష్టారూ దెలీన్వా ఆమె ఎవరి పక్షం మాట్లాడిందని కీచులాడుకుంటూ నడిచారు. వాకిట్లో అడుగు పెట్టగానే ఇజ్మేలీకి అర్థమైంది. ఆమె తీసింది తన ఇంటి రేడియో బ్యాటరీలే. పక్కింటి రేడియో మోగుతూనే ఉంది. ఆడవాళ్ళు తలలు దించుకున్నారు. ఎప్పుడూ పక్కకు తోసి ఉండే దుప్పటి ఆరోజు గుమ్మానికి పూర్తిగా వాలి ఉంది.

దాన్ని చిటికెన వేలితో తొలగించవచ్చు. ఇజ్మేలీ రెండడుగుల దూరంలో ఆగింది.

"ఒనే!"

జవాబు లేదు.

"నీ ఇల్లే కదమ్మా, వెళ్ళు లోపలికి" అన్నారు మేష్టారు.

"మీరూరుకోండి" అంది ఇజ్మేలీ. "ఒనే, విడ్లీన్!"

లోపల్నుంచి ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతు వినిపించింది. "మా నాన్న పేరేంటి?"

"నాకు తెలీదమ్మా. నాకు చెప్పింది అబద్ధం పేరు."

"మరి నువ్వు నాకు చెప్పిన పడవో?"

దెలీన్వా మేష్టారి చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్ళాడు, అది మాత్రం వింత. చీకటి పడింది, పొయ్యి వెలిగించలేదు. చెక్కలకని వచ్చినవాళ్ళు ఆమెను చూసి వెనక్కి పోయారు. ఆమె అక్కడే నిలబడి, ఉండుండి ‘ఒనే’ అంటూనే ఉంది.