పేరు చెప్పని సాక్ష్యం

నా చిన్నప్పుడు, రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, మా అమ్మ అరచేతిలో ఎర్రటి గడ్డ ఒకటి లేచింది. రేగిపండంత ఉండేది. నాట్లు వేసేటప్పుడు ఒరుసుకుని రక్తం కారేది. ఉంగుటూరు దగ్గర మా ఊళ్ళో చర్చి సంఘపెద్దగారి భార్య దాన్ని ఒక్కసారి చూసి, అది కుష్టని ఇంటింటికీ చెప్పింది. వారం తిరక్కుండా అమ్మను నాట్లకు పిలవడం మానేశారు. గుడిలో ఆడవాళ్ళు చాప లాక్కుని దూరం జరిగారు. బడిలో నా పక్కన ఎవరూ కూర్చోలేదు. ఆ పెద్దగారి భార్య చేతులు కుళ్ళిపోవాలని నేను రోజూ మోకాళ్ళ మీద ప్రార్థన చేసేదాన్ని.

అమ్మ నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కి ఏలూరు వెళ్ళింది. చర్మవ్యాధుల డాక్టరమ్మ గడ్డను నొక్కి చూసి, చుట్టూ సూదితో మెల్లగా పొడుస్తూ స్పర్శ తెలుస్తోందా అని అడిగారు. "కుష్టు కాదమ్మా. కానీ ఏమిటన్నది కంటితో చూసి చెప్పలేను," అని గడ్డ మొత్తం కోసి పరీక్షకు పంపారు. క్యాన్సర్ అయినా కావచ్చన్న ఆ పదిరోజులూ అమ్మ సరిగా అన్నం తినలేదు.

రిపోర్టు చూసి డాక్టరమ్మ నవ్వారు. చెమట గ్రంథిలో పుట్టిన గడ్డట. చాలా అరుదట. క్యాన్సర్ కాదు, ఎవరికీ అంటుకోదు.

"ఆ ముక్క తెలుగులో రాసిస్తారాండీ?" అని అడిగింది అమ్మ.

ఆదివారం గుడిలో, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యాలు చెప్పే వేళ లేచి నిలబడి ఆ కాగితం చదివింది. "నాకు కుష్టని చెప్పినవారు ఈ గుడిలోనే ఉన్నారండి. వారి పేరు నేను చెప్పను," అని కూర్చుంది. ముందు వరసలో సంఘపెద్దగారి భార్య ముసుగు కళ్ళ మీదికి లాక్కుంది. తలలన్నీ అటే తిరిగాయి.

పేరెందుకు చెప్పలేదని దారి పొడవునా ఏడ్చాను.

"చెప్తే నాతో దెబ్బలాడి దులిపేసుకుంటది. చెప్పకపోతే ఎవరితో దెబ్బలాడుద్దే? మొయ్యనీ," అంది అమ్మ.

మోసింది. అమ్మను మళ్ళీ పనికి పిలిచారు గానీ, ఆమె మాత్రం కోతలు వచ్చేదాకా మా వీధి తప్పించి నడిచింది. చివరికి ఒక సాయంత్రం మా గుమ్మంలో నిలబడి ఏడ్చింది. అమ్మ పీట వేసి కూర్చోబెట్టింది. ఆ బరువు అంత తొందరగా దించేసినందుకు నాకు అమ్మ మీదే కోపం వచ్చింది.

ఇప్పటికీ ఎవరి ఒంటి మీద ఏం చూసినా నా నోట జబ్బు పేరు రాదు. అది నా మంచితనం అనుకుంటారు. కాదు. ఆ పెద్దగారి భార్యలా ఉండకూడదన్న పగ. అమ్మ తన పగను ఆ గుమ్మంలోనే వదిలేసింది. నేను వదల్లేదు.