ఎవరి మీద కొట్టావు?

మా ఏలియా బాబాయికి ఒకరిని మెచ్చుకోవడం చేతకాదు. ఎవరైనా వచ్చి "గెలిచాం" అంటే చాలు, "ఎవరి మీద?" అని అడుగుతాడు. ఆ ఒక్క మాటతో, మేం పనికొచ్చిన అరబ్బుల ఊరు రూవిలో ఆయన పోగొట్టుకున్నంతమంది స్నేహితులను నేను జన్మలో సంపాదించలేదు.

నర్సు మణికుమారి ఒకసారి ఊరినుంచి ఉత్తరం వచ్చిందని సంబరపడిపోయింది. "మా అమ్మాయి క్లాసులో ఫస్టొచ్చిందండీ!"

"క్లాసులో ఎంతమందమ్మా?"

"ఆరుగురండి."

"అందులో చదివేవాళ్ళెందరు?"

ఆ తర్వాత రెండు నెలలపాటు ఆవిడ వార్డులో అందరికీ టీ పోసి, ఈయన ముందు ఖాళీ గ్లాసు పెట్టింది.

బాబాయి ఆసుపత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్. పొద్దస్తమానం మైక్రోస్కోపులో తెల్లకణాలు లెక్కపెడతాడు. మాది కూడా నరసాపురమే. అందుకని నన్ను ఒరేయ్ అంటాడు, నేను బాబాయ్ అంటాను. చుట్టరికం అంతే. నేను కాలేజీ రెండో ఏడు మధ్యలో మానేసి, ఒక బిల్డింగ్ కంపెనీలో టైమ్‌కీపర్‌గా వచ్చి పడ్డాను. రేకుల షెడ్డు, పన్నెండు మంచాలు. మధ్యాహ్నం ఆ రేకు కింద పడుకుంటే బొగ్గుల కుంపటి మీద పెనంలో ఉన్నట్టుండేది. పందొమ్మిది వందల డెబ్బై ఆరు అది. ఆ ఏడాది నాకు దేని మీదా ఆశ లేదు. ఇంటికి ఉత్తరం రాయాలన్నా రాయడానికి ఏమీ ఉండేది కాదు.

బాబాయికి ఆ "ఎవరి మీద" జబ్బు అంటించినవాడు కామెర్లతో ఆసుపత్రిలో చేరిన ఒక అమెరికన్ ఇంజనీరు. నయమై ఇంటికి పోతూ తన కాలేజీ ఫుట్‌బాల్ వార్తలున్న పాత పేపర్ల కట్ట మంచం కింద వదిలేశాడు. అది మన ఫుట్‌బాల్ కాదట, బంతిని గుండెకి హత్తుకుని ఒకడి మీద ఒకడు పడే ఆట. బాబాయి దాన్ని ఎన్నడూ చూడలేదు. చూడాల్సిన అవసరమూ లేదన్నాడు.

"ఒరేయ్, ఇక్కడ చూడు. పది కొట్టడం గొప్ప కాదురా. ఆ అవతలి జట్టు మామూలుగా ఎన్ని ఇస్తుంది? పన్నెండు. అంటే వీళ్ళు రెండు తక్కువ కొట్టారు. అలాగే, మామూలుగా ఇరవై కొట్టే జట్టుని పదిహేను దగ్గర ఆపితే, ఓడిపోయినా కాపుదల మంచిదే!"

"కాలేజీలో ఇలాంటి లెక్కలు చెబుతారా బాబాయ్? తెలిస్తే మానేసేవాణ్ని కాదు."

"నువ్వు మానేసిన కాలేజీలో చెప్పరులే."

రూవిలో ఎండిపోయిన వాగు ఇసుకలో శుక్రవారం శుక్రవారం ఆరు జట్లు ఆడేవి. మా కంపెనీ జట్టు, ఆసుపత్రి జట్టు, షరీఫ్ అనే పఠాను నడిపే మెకానిక్కుల జట్టు, వంటవాళ్ళ జట్టు, ఇంకో రెండు. బాబాయి నల్ల గొడుగేసుకుని, ల్యాబ్ రిజిస్టరు చంకలో పెట్టుకుని ప్రతి మ్యాచికీ హాజరు. సొంత ఆసుపత్రి జట్టు గెలిచి గంతులేస్తుంటే వాళ్ళ మధ్యకి వెళ్ళి, "ఈ జట్టు అందరికీ నాలుగిచ్చింది. మీకు మూడే ఇచ్చింది. ఎందుకా గంతులు?" అనేవాడు. గొడుగు రెండుసార్లు విరిచారు.

నేను మాత్రం హీరోని. అయిదు మ్యాచుల్లో మా జట్టు కొట్టినవి తొమ్మిది గోల్స్, తొమ్మిదీ నావే. మా గోల్‌కీపర్ దేవయ్య, జగిత్యాల వైపు మనిషి, పదకొండు తిన్నాడు. గోల్ పడినప్పుడల్లా దేవయ్య ఇసుకలో చతికిలబడి, "ఏం జెయ్యాలె తమ్మీ, బాలు నన్ను అడిగి వస్తదా?" అనేవాడు. అందరం నవ్వేవాళ్ళం. నేను ఎక్కువ నవ్వేవాణ్ని.

జట్టులో ఆడేవాళ్ళని కంపెనీ రూవి దాటించేది కాదు. ఆ వేసవిలో ఆ ధీమా పోయింది. ఎడారి లోపలి రోడ్డు సైట్‌కి జట్టులోంచి ఒకణ్ని పంపమని ఆర్డరొచ్చింది. క్యాంప్ బాస్ నిసార్ అహ్మద్ హైదరాబాదీ. "సోచనేకా ఏముంది? పదకొండు తిన్నోడు పోతడు. జుమ్మా నాడు మీటింగ్ల చెప్త" అన్నాడు.

దేవయ్య తమ్ముడు గంగన్న కడుతున్న బిల్డింగు సారవ మీంచి పడి, తొడ ఎముక విరిగి, కాలికి బరువు వేలాడదీసుకుని ఆసుపత్రిలో ఉన్నాడు. డ్యూటీ దిగగానే దేవయ్య వెళ్ళి అన్నం తినిపించి, ఒళ్ళు తుడిచి వచ్చేవాడు. ఈ సంగతి నాకు తెలుసు. తెలియనట్టు ఉండటం తేలిక కాబట్టి అలాగే ఉన్నాను.

గురువారం సాయంత్రం బాబాయి మా షెడ్డుకొచ్చి రిజిస్టరు నా మంచం మీద పెట్టాడు.

"వంటవాళ్ళు మామూలుగా ఎనిమిదిస్తారు. నువ్వు ఏడు కొట్టావు. మిగతా నాలుగు జట్లూ కలిపి తొమ్మిదిస్తాయి. నువ్వు రెండు కొట్టావు. మొత్తం ఎనిమిది తక్కువ."

"అయితే?"

"దేవయ్య మీద ఆడినవాళ్ళు మామూలుగా పదిహేడు కొడతారు. వాడు పదకొండే ఇచ్చాడు. షరీఫ్ జట్టు మామూలుగా ఆరు కొడుతుంది, వీడి మీద నాలుగే. ఈ రూవిలో వాడంత మంచి గోల్‌కీపర్ లేడురా."

"ఈ కాగితం నిసార్‌కి చూపిస్తే?"

"నువ్వు పోతావ్."

"చూపించకపోతే?"

"దేవయ్య పోతాడు. నువ్వు చెప్పు. నాకు తోచడం లేదు" అన్నాడు.

"నీ లెక్క తగలెయ్య!" అన్నాను. ఇంకా చాలా అన్నాను. అవి రాయను.

మర్నాడు మీటింగుకి దేవయ్య అన్నం క్యారియర్ చేత్తో పట్టుకునే వచ్చాడు, ఆలస్యమైతే ఇటునుంచి ఇటే ఆసుపత్రికి పరుగెత్తేట్టు. బాబాయి ఒక మూల నిలబడ్డాడు. రిజిస్టరు మూసే ఉంది. నోరూ మూసే ఉంది. లెక్క తెలిసి బాబాయి మాట్లాడకుండా ఉండటం నేను చూడటం అదే మొదటిసారి. ఆయన నా వైపు చూడనైనా చూడలేదు. చూసుంటే తిట్టేవాణ్ని.

"మనోహరం తొమ్మిది కొట్టిండు, షేర్ హై షేర్, పులి!" అన్నాడు నిసార్ అహ్మద్ నా భుజం తట్టి.

"ఎవరి మీద?" అన్నాను.

అది నా నోట్లోంచే వచ్చిందని నాకు కాసేపటిదాకా తెలియలేదు. నేను మంచివాణ్నని అనుకోకండి. ఆ మాట అన్నాళ్ళూ చెవిలో జోరీగలా తిరిగి తిరిగి బయటపడింది, అంతే. బాబాయి రిజిస్టరు తెరిచాడు. పావుగంట చదివాడు. నిసార్ అహ్మద్ తల పట్టుకుని, "బస్ కరో మాస్టర్, సమజైంది! దేవయ్య ఉంటడు" అన్నాడు.

నేను లారీ ఎక్కాను.

ఆ సైట్ గురించి చెప్పడానికి ఏమీ లేదు. రాయి, గాలి, రెండు గుడారాలు. మాట్లాడటానికి మనిషి దొరక్క నేను రోడ్డు రోలర్‌ని తిట్టేవాణ్ని.

రెండో శుక్రవారం సామాన్ల లారీలోంచి బాబాయి దిగాడు, ఒళ్ళంతా దుమ్ము, చంకలో రిజిస్టరు, చేతిలో మూతకి గుడ్డ కట్టిన గిన్నె. నాలుగు గంటల ప్రయాణం.

"ఎందుకొచ్చావ్?" అన్నాను మొహం తిప్పుకుని.

"నీమీద నా దగ్గర అయిదు మ్యాచుల లెక్కే ఉందిరా. అయిదింటితో మనిషిని తేల్చకూడదు" అని ఒక రాయి మీద కూర్చున్నాడు. నేను ముగ్గురు డ్రైవర్లతో ఆడిన ఆటని గంటన్నర శ్రద్ధగా రాసుకున్నాడు.

పై శుక్రవారమూ వచ్చాడు. ఆ పై శుక్రవారమూ వచ్చాడు. వచ్చినప్పుడల్లా గంగన్న కబురు చెప్పేవాడు. ఒకసారి, "ఇవాళ పదకొండు అడుగులేశాడు" అన్నాడు.

"ఎవరి భుజం మీద?" అన్నాను.

"నా భుజం మీదే" అని మొదటిసారి నన్ను చూసి నవ్వాడు.

ఎనిమిదో శుక్రవారం ఇసుక గాలి లేచింది. పక్క గుడారం కనిపించదు. ఆట లేదు, డ్రైవర్లు దుప్పట్లు ముసుగేసుకుని పడుకున్నారు. ఆ గాలిలోనే లారీ ఆగింది. రిజిస్టరు రూమ్‌లోనే మర్చిపోయి, బాబాయి ఒక్క గిన్నెతో దిగాడు.

"ఇవాళ మ్యాచ్ లేదు బాబాయ్."

"లేదా? సరే, లేదని రాసుకోవాలి గదరా" అని, రాయడానికి ఏమీ లేని చేతులతో చేపల పులుసు మూత విప్పాడు.