ఎండిన సముద్రంలో బేరం

ఉజ్బెకిస్తాన్‌లో ఎండిపోయిన అరల్ సముద్రం నడిబొడ్డున నిలబడి జీపు డ్రైవరుతో బేరమాడిన మొనగాడు నంద్యాల మొత్తానికి నేనొక్కణ్ణే.

ఎడారిలో చూపిస్తానన్న పాతకోటల్లో ఒకటి చూపకుండానే ఇక్కడికి తీసుకొచ్చాడని బాడుగ తగ్గించమన్నాను. కుదరదని తల అడ్డంగా ఊపాడు. అంగళ్ల వీధిలో పెరిగినవాళ్లకు ఇలాంటప్పుడు ఒకటే విద్య: వద్దని వెనుదిరిగి నడిస్తే, సందు తిరగకముందే పిలుస్తారు. నడిచాను. అతను పిలవలేదు, జీపు స్టార్ట్ చేశాడు. మా తాగునీళ్లన్నీ అందులోనే ఉన్నాయి. చుట్టూ ఉప్పు, తుప్పు పట్టిన పడవలు తప్ప మనిషి జాడ లేదు.

నాతో బాడుగ పంచుకున్న ఆళ్లగడ్డాయన జీపు దిగి కొంచెం అవతల సిగరెట్ కాలుస్తున్నాడు. ఆ పొద్దునే పరిచయం, పేరు కూడా అడగలేదు. ఆయన పరుగెత్తి, కదులుతున్న జీపులోంచి డ్రైవరును గొంతు పట్టి కిందికి లాగాడు. డ్రైవరు స్పానరుతో ఆయన చేతిమీద కొట్టాడు. ఆయన రెండో చేత్తో అతని మొహాన్ని తలుపుకేసి బాదాడు. తెల్లటి ఉప్పు మీద నెత్తురు పడింది.

"యాడికి పోతాండావప్పా?" అన్నాడు నాతో, రొప్పుతూ.

"బేరమన్నా. వెనక్కి పిలుస్తాడనుకుంటి."

"అంగట్లో నువ్వు పోతే వానికి నష్టం. ఈడ నువ్వు పోతే నీకే సావు. ఎక్కు."

నెత్తురు ఉమ్ముకుంటూనే డ్రైవరు మమ్మల్ని ఊరు చేర్చాడు. బాడుగ అడిగినంతా ఇచ్చాను. అతనికి ముందుపళ్లు పోయాయి. ఆళ్లగడ్డాయనకు మణికట్టు విరిగింది. నాకు గీత కూడా పడలేదు.