నిన్నటి అన్నం

మొన్న జగిత్యాలలో కొత్తగా తెరిచిన సూపర్ మార్కెట్‌కు కందిపప్పు కోసం వెళ్లాను. ముందువైపు బండ్లతో కిక్కిరిసి ఉందని ఆటో అతను నన్ను వెనక సందులో దించాడు. అక్కడ ఒక నడివయసు ఆవిడ, షాపు వాళ్లిచ్చిన ఎర్ర చొక్కా చీర మీదే తొడుక్కుని, పెరుగు ప్యాకెట్లను కత్తెరతో కత్తిరించి డ్రమ్ములో పారబోస్తోంది. వెనకాలే రొట్టెలు, బన్నులు, ఒక కొసన మాత్రమే నల్లబడిన అరటిపండ్లు. అన్నీ పడేశాక ఒక సీసా మూత తిప్పి వాటి మీద ఫినాయిల్ గుమ్మరించింది. అంతదాకా ఆశగా చూస్తున్న వీధికుక్క దగ్గరికొచ్చి మూతి పెట్టబోయి, తుమ్మి, తిరిగి వెళ్లిపోయింది. జీవితమంతా పంతులమ్మగా చేసినదాన్ని, అడగకుండా ఉండలేను. ఎందుకమ్మా అని అడిగాను. "పొయ్యకుంటె ఎవలన్న ఏరుకపోతరట మేడం. ఊకెనే దొరికితె రేపు కొనేటందుకు ఎవలొస్తరు అంటడు మా సారు" అంది. అని, లోపలివైపు ఒకసారి చూసి, "నాకైతే పొయ్యబుద్ది గాదు. పొయ్యకుంటె నౌకరి ఉండది" అంది. కందిపప్పు కొనకుండానే తిరిగొచ్చాను. ఫినాయిల్ వాసన తగిలిన రోజున నాకు అన్నం సయించదు. మా ఇంట్లో బండలు ఉత్త నీళ్లతోనే తుడుస్తాం. పనిమనిషి నన్ను పిసినారి అనుకుంటుంది, అనుకోనీ. ఇదంతా మా మేనమామ వల్ల వచ్చింది.

మా అమ్మను కోరుట్లలో ఇచ్చారు గానీ ఆమె పుట్టిల్లు సిరిసిల్ల. మామ ఆమెకు తమ్ముడు. ఎవరివో సాంచాలు నడిపేవాడు. మరమగ్గాలను మా వైపు సాంచాలు అంటారు. పొద్దస్తమానం వాటి చప్పుడులో ఉండి ఉండి ఆయనకు మెల్లగా మాట్లాడటం చేతకాకుండా పోయింది. ఆయన రహస్యం చెబితే పక్క వాడకట్టు వాళ్లు కూడా ఊకొట్టేవారు. ఆయన భార్య, మా అత్త, ఎల్లారెడ్డిపేట మనిషి. తల్లి చిన్నప్పుడే పోతే తమ్ముణ్ని చంకనేసుకుని తనే పెంచింది. పెళ్లయి కాపురానికి వచ్చినప్పుడు కూడా చీరె పెట్టెతో పాటు ఆ పిల్లవాణ్నీ తెచ్చుకుంది. అత్తకు మొదటి కొడుకు ఎవరంటే తమ్ముడే. తర్వాత పుట్టిన పిల్లలు తర్వాతే. ఇది మామకు తెలుసు, వాడకట్టుకంతటికీ తెలుసు.

సాంచాలు ఆగిపోయిన కాలం ఒకటి వచ్చింది. అంతకుముందు సిరిసిల్లలో చప్పుడుకు నిద్ర పట్టేది కాదు, అప్పుడు చప్పుడు లేక నిద్ర పట్టలేదు. కొందరు మగ్గాల పని వెతుక్కుంటూ భివండి పోయారు, కొందరు దూలానికి వేలాడారు. మామ దుబాయ్ పోయాడు. మా వైపు గల్ఫ్‌లో ఏ ఊరికి పోయినా దుబాయే. కొన్నాళ్లకు అత్త తమ్ముణ్ని కూడా అక్కడికే తీసుకుపోయాడు. సెలవుకు వచ్చి బామ్మర్దిని వెంటబెట్టుకుని బయలుదేరుతుంటే అత్త బస్సు కిటికీ పట్టుకుని, "వానికి ఏమన్న అయ్యిందంటె నిన్నే అడుగుత, సూడు మరి" అంది. అందరం నవ్వాం. మామ అందరికన్నా గట్టిగా నవ్వాడు.

మామకు దొరికిన పని ఒక పెద్ద సూపర్ మార్కెట్ వెనకాల. తేదీ దాటిన సరుకును బయటికి తెచ్చి, ప్యాకెట్లు కోసి, చెత్త డబ్బాలో వేసి, ఎవరూ తినకుండా పైన ఫినాయిల్ పోయాలి. సాయంత్రం దాకా అద్దాల అరలో దొరలా కూర్చున్న కేకు, తెల్లారేసరికి విషమైపోతుంది. మచ్చ పడ్డ ఆపిల్‌కు అంతకాలం కూడా గడువు లేదు. "గక్కడ రొట్టెకు గూడ సావు తారీకు ముందుగాలనే రాసి ఉంటదక్కా" అని అమ్మకు నవ్వుతూ చెప్పేవాడు. నేత పనిలో పోగు తెగితే ముడివేసుకునే మనిషి. తెగిందని బట్టను పారేసే లోకాన్ని ఆయన అప్పుడే చూశాడు. ఇక ఆయన గదిలో ఉన్నవాళ్ల సంగతి చెప్పాలంటే, మెట్‌పల్లి వైపు వాళ్లు, వెల్గటూర్ వాళ్లు, తోడుగా బామ్మర్ది. వాళ్లను తీసుకెళ్లిన కంపెనీ జీతాలు ఆపేసింది, పాస్‌పోర్టులు దగ్గర పెట్టుకుంది. ఖుబూస్ అనే రొట్టెను నీళ్లలో ముంచుకుని తిని పడుకునేవారు. మామ పొద్దంతా కోడిమాంసం మీద ఫినాయిల్ పోసి, గదికి వచ్చి వాళ్ల మొహాలు చూడాలి.

అందుకని ఒక ఉపాయం కనిపెట్టాడు. సరుకును ప్యాకెట్లతోనే డబ్బాలో సర్దేవాడు. పైన మందపాటి ప్లాస్టిక్ పట్టా కప్పి, దాని మీద అట్టముక్కలు పరిచి, ఫినాయిల్ ఆ అట్టల మీద పోసేవాడు. సూపర్‌వైజర్ వచ్చి మూత ఎత్తి, గుప్పుమన్న వాసనకు ముక్కు మూసుకుని, పని బాగా జరిగిందని వెళ్లిపోయేవాడు. చీకటి పడ్డాక గదిలోవాళ్లు వచ్చి అట్టలు తీసి, కింద ఉన్నది తీసుకుపోయేవారు. ఆ వరసలో హోటళ్ల ఎంగిలి, కుళ్లిన చేపలు వేసే డబ్బాలు ఇంకా ఉండేవి. వాటిలో చెయ్యి పెట్టి కొందరు వాంతులు చేసుకున్నారు. కాబట్టి వాళ్లలో వాళ్లకు ఒక గుర్తు కుదిరింది. ఫినాయిల్ వాసన వస్తే అది మామ సర్దిన డబ్బా, భయం లేదు. వాసన రాకపోతే ముట్టుకోవద్దు. లోకమంతా ఏ వాసనకు దూరం జరుగుతుందో వాళ్లు ఆ వాసన వెతుక్కుంటూ పోయేవారు. తెచ్చినది కడిగి, కారం, చింతపండు దండిగా వేసి వండుకునేవారు. కొంచెం వాసన ఎలాగూ చేతులకు, గిన్నెలకు ఉండనే ఉండేది. ఆకలి రుచెరుగదు అన్నారు గానీ, దానికి వాసన కూడా తెలియదు.

ఒకరోజు మామకు జ్వరం వచ్చింది. గదిలోనే పడుకున్నాడు. ఆయన బదులు డ్యూటీకి వచ్చిన వేరే దేశం మనిషి చెప్పిన పని చెప్పినట్టు చేశాడు. ప్యాకెట్లు కోశాడు, మాంసం మీదే పోశాడు, మిగిలిన అట్టలు దాని మీద పడేశాడు. అతని తప్పేమీ లేదు. నమ్మకంగా పని చేశాడంతే. ముందురోజు మామ సర్దింది ఇంకా మిగిలి ఉందనుకుని మనవాళ్లు వచ్చి మూత ఎత్తారు. వాసన వచ్చింది. అట్టలు ఉన్నాయి, పట్టా లేదని చీకట్లో ఎవరూ గమనించలేదు. కింద చికెన్ తడితడిగా ఉంటే ఐసు కరిగిందనుకున్నారు. చాలా రోజులకు దొరికిన మాంసం. కడిగి, పులుసు పెట్టారు. అత్త తమ్ముడు ముందుగా బావకే కంచంలో పెట్టి తెచ్చాడు. మామ నోరు చేదుగా ఉందని, నువ్వే తినమన్నాడు. ఆ పిల్లవాడు ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగి, "బావా, ఇయ్యాల వాసన జర ఎక్కువ గొడుతున్నది" అన్నాడు. మామ పడుకున్నచోటి నుంచే, కళ్లు కూడా తెరవకుండా, "ఏం గాదు, తిను" అన్నాడు.

తిన్నవాళ్లందరూ వాంతులతో పడిపోయారు. తక్కినవాళ్లు బతికారు. అందరికన్నా ఆకలి మీద ఉన్నవాడు, బావ వాటా కూడా తిన్నవాడు, బతకలేదు. పారేసింది ఎత్తుకుపోవడం దొంగతనమని, దొంగతనం చేసి తింటే తమకేం సంబంధమని షాపు వాళ్లు అన్నారు. మామ నౌకరి పోయింది. ఆ పిల్లవాడి శవపెట్టె వచ్చిన కొన్నాళ్లకు మామా వచ్చాడు. ఏదో కడుపునొప్పితో పోయాడని చెబితే అయిపోయేది. అందరూ అలాగే చెప్పమన్నారు. మా మామకు మెల్లగా మాట్లాడటమే రాదు, ఇక అబద్ధం ఎక్కడ వస్తుంది? గడపలో కూర్చుని, వాడకట్టంతా వినేలా, ఉన్నదున్నట్టు చెప్పాడు. చివరి మాటతో సహా చెప్పాడు.

అత్త ఏడ్చింది గానీ తిట్టలేదు. తిడితే బాగుండేదని అమ్మ ఎన్నోసార్లు అంది. మర్నాడు మధ్యాహ్నం అందరికీ వేడి అన్నం వండింది. మామకు మాత్రం కుండలో అడుగున ఉన్న ముందురోజు అన్నం, తీగలు సాగుతున్న పప్పు పెట్టింది. ఆయన కంచం వంక చూశాడు, ఆమె వంక చూశాడు. "ఏం గాదు, తిను" అంది అత్త. ఆయన తిన్నాడు. ఆ తర్వాత ఆయన బతికినన్నాళ్లూ ఆ ఇంట్లో అదే మాట, అదే కంచం.

అత్తకు వంట రాక కాదు. మా చుట్టాల్లో ఆమెంత పొదుపుగా ఇల్లు నడిపినవాళ్లు లేరు. పుచ్చకాయ తిన్నాక తెల్లభాగాన్ని కూర వండేది. బీరపొట్టు పచ్చడికి మేం కొట్టుకునేవాళ్లం. పులిసిన మజ్జిగ చారయ్యేది, ఎండిన రొట్టెలు బెల్లంతో మలీద ముద్దలయ్యేవి, మిగిలిన అన్నం పిల్లలకు పోపు పెట్టి ఘుమఘుమలాడించేది. ఇంటి నుంచి చెత్తకు పోయేది ఉల్లిపొట్టు ఒక్కటే. అన్నం పరబ్రహ్మ స్వరూపమని ఆమెను చూసి నేర్చుకోవాలని వాడకట్టు ఆడవాళ్లు కోడళ్లకు బుద్ధులు చెప్పేవారు. పాచిపోయినదాన్ని ఇంత రుచిగా మార్చగల మనిషి, మామకు పెట్టేదాన్ని మాత్రం మార్చేది కాదు. ఒక ఉల్లిగడ్డ కూడా ఖర్చు పెట్టేది కాదు. సాంచాలు మళ్లీ నడిచి, మామ కూలి మళ్లీ ఇంటికి వస్తున్నప్పుడు కూడా, పండుగపూట బూరెలను తెల్లారేదాకా మూతపెట్టి ఉంచి అప్పుడు పెట్టేది.

ఒకసారి మామ కోరుట్ల వచ్చినప్పుడు అమ్మ పట్టుబట్టి పీట వేసి కూర్చోబెట్టి, పొగలు కక్కే అన్నం, అంకాపూర్ కోడికూర వడ్డించింది. మామ చెయ్యి పెట్టలేదు. పొగ వంక కాసేపు చూసి, "అక్కా, నిన్నటిది ఏమన్న ఉంటె పెట్టవే" అన్నాడు. అమ్మ గరిటె విసిరేసింది. మర్నాడే బస్సెక్కి సిరిసిల్ల పోయి మరదలితో కొట్లాడింది. "నీ మొగడు మనిషా పశువా? ఇగ ఎన్నొద్దులు పెడ్తవే గా పాసిపోయింది?" అంది. అత్త బియ్యం చెరుగుతూ చేట ఆపకుండా, "నా తమ్ముడు లేసొచ్చి వేడిది తిన్ననాడు గాయినకు గూడ వేడిది పెడ్త వదినె" అంది. అమ్మ ఆ ఇంట్లో మంచినీళ్లు కూడా తాగకుండా తిరిగొచ్చింది. ఇద్దరి మీదా నాకు కోపం వచ్చేది. పెట్టేదాని మీద, తినేవాడి మీద. శిక్ష వేసినవాళ్లు ఎంత మొండివాళ్లో పడినవాడూ అంత మొండివాడైతే మధ్యలో ఎవరేం చేయగలరు?

మామ దమ్ముతో పోయాడు, సాంచాల దుమ్ము ఊపిరితిత్తుల్లోకి ఎక్కి. మూడో రోజు మానేరు ఒడ్డున పిట్టకు పెట్టారు. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి విస్తరిలో పెడితే కాకి ముట్టాలి. ముట్టకపోతే వాళ్ల మనసులో ఏదో మిగిలిందని లెక్క. ఆ పొద్దు అత్త తనే తెల్లవారకముందే లేచి వండింది. ఎవరినీ పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. సన్నబియ్యం అన్నం, కోడి పులుసు, గారెలు. గిన్నెలకు గుడ్డలు చుట్టి, పొగ పోకుండా ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చి, వేడివేడిగా విస్తరిలో వడ్డించింది. అన్నేళ్ల తర్వాత ఆయనకు పెట్టిన మొదటి వేడి అన్నం.

కాకులు వచ్చాయి. చుట్టూ తుమ్మచెట్ల మీద కూర్చున్నాయి గానీ ఒక్కటీ దిగలేదు. పిల్లలను బాగా చూసుకుంటామని కొడుకు చేత అనిపించారు. ఆయన అక్కను, అంటే మా అమ్మను, బాగా చూసుకుంటానని నా చేత అనిపించారు. కాకులు అటు తిరిగి కూర్చున్నాయి. అత్త ముఖం నల్లబడిపోయింది. విస్తరి ముందు మోకాళ్ల మీద కూలబడి, "పెట్టిన గదయ్యా! వేడిదే పెట్టిన గద! సచ్చినంక గూడ నా మీద పంతమేనా?" అని గుండెలు బాదుకుంది. ఎంతసేపైనా అంతే. చివరికి లేచి, సంచిలో నుంచి చిన్న డబ్బా తీసింది. సావింట్లో రాత్రి మిగిలిన అన్నం. పారేయడం ఆమెకు అలవాటు లేదు కదా, తను తిందామని మూటకట్టుకుంది. దాన్ని విస్తరి పక్కన గడ్డి మీద బోర్లించి, వెనక్కి జరిగి, ఎన్నడూ అనని మెత్తటి గొంతుతో, "ఏం గాదు... తిను" అంది.

కాకి దిగింది. పొగలు పోతున్న విస్తరిని దాటుకుంటూ నడిచి, చద్దన్నంలో ముక్కు పెట్టింది. వెంటనే మిగతావీ దిగాయి. చుట్టాలందరూ హమ్మయ్య అనుకుని గిన్నెలు సర్దుకున్నారు. వేడికి ముక్కు కాలుతుందనే కాకి దూరంగా ఉందని నాకు తెలుసు, ఆ మాట అత్తతో కూడా అన్నాను. ఆమె విన్నదో లేదో తెలియదు. ఆ కాకి తిన్నంతసేపూ కన్నార్పకుండా చూసింది.

అత్తకు ఇప్పుడు నడుం వంగిపోయింది. సూపర్ మార్కెట్ నుంచి ఉత్తచేతులతో వచ్చిన రోజు ఎందుకో మనసాగక సిరిసిల్ల పోయాను. కోడలు వేడి అన్నం వడ్డించి పిలిస్తే, అత్త కంచం పక్కకు జరిపి, లోపలి కుండ వైపు చెయ్యి చూపించింది. "గది మీరు తినుండ్రి బిడ్డా. నాకు గా కుండల ఉన్నది సాలు" అంది. కోడలు నా వైపు చూసి, ఇది రోజూ ఉన్నదేనన్నట్టు లోపలికి వెళ్లి తెచ్చింది. అత్త ముద్ద కలిపి, నోటి దాకా తెచ్చుకుని, తనలో తనే పెదవులు కదిపింది. ఏమన్నదో నేను వినకుండానే తెలిసింది. ఎన్ని ఏళ్లు గడిచాయో. ఆ ఇంట్లో నిన్నటి అన్నం మాత్రం ఇంకా అయిపోలేదు.