ఉమ్మడి గోడ అవతలి అత్త

పోయిన వారం ఎమ్మిగనూరు బస్టాండులో ఆదోని బస్సు ఆగీ ఆగకముందే కండక్టరు నన్ను పిలిచాడు. "టీచరమ్మా, మీ అత్త పోయినాది. తెల్లారుజామున, ఆమె ఇంట్లోనే. మధ్యాన్నం ఎత్తుతారంట, ఇదే బస్సు ఎక్కు."

"ఆమె ఇంట్లోనే" అన్న మాట వినగానే ముందు ఊపిరి పీల్చుకున్నాను. ఏడుపు తరువాత వచ్చింది. తప్పుగా అనుకోకండి. ఆ ఒక్క మాట కోసం ఆమె, ఆమెతో పాటు మేము, ఏళ్ల తరబడి భయపడుతూ బతికాం.

మేనత్త కాదు. మా పక్కింటామె. మా నాన్న అక్కా అని పిలిచేవాడు కాబట్టి నాకు అత్త అయింది. జిన్నులో, అంటే పత్తి గింజ తీసే మిల్లులో, పత్తి ఏరే పనికి పోయేది. మొగుడు వయసులోనే పోయాడు. ఒక్కతే కూతురు, దాన్ని ఆస్పరికి ఇచ్చింది. ఆదోనిలో మా వీధివన్నీ మట్టి మిద్దెలు, ఇంటికీ ఇంటికీ మధ్య ఒకటే గోడ. మా దూలాలు ఈ వైపు నుంచి, ఆమె దూలాలు ఆ వైపు నుంచి అదే గోడ మీద ఆనుకుని ఉండేవి. మా అమ్మ తాళింపు వేస్తే అత్త అవతల తుమ్మేది. "ఏమే, మిరపకాయలు ఊరికే వచ్చినాయా? మా ముక్కులు గూడా మనిషివేనమ్మా!" అని అరిచేది.

డెబ్బైలలో ఊరికి కొత్త ప్లాను వచ్చింది. దూది బేళ్ల లారీలు మా వీధి మూలన ఇరుక్కుని పొద్దంతా హారన్లు కొట్టేవి, అది నిజమే. వీధిని వెడల్పు చేస్తామన్నారు. ఇల్లు వదులుకున్నవాళ్లకు ఊరి బయట కొత్త కాలనీలో స్థలం ఇస్తామన్నారు. ఒప్పుకున్నవాళ్ల ఇల్లు ముందు తీస్తారట. నిజం చెప్పొద్దూ, నాకు కాలనీ కావాలనే ఉండేది. అక్కడ ఇంట్లోకే కుళాయి వస్తుందన్నారు. పైగా మా అమ్మకు దూది దుమ్ముతో ఆయాసం, ఇల్లు మారకపోతే కష్టమని డాక్టరు తేల్చి చెప్పాడు. కానీ మా ఇల్లు తీస్తే ఆ గోడ ఏమవుతుంది? గోడ పడితే అత్త ఎక్కడికి పోతుంది? ఆస్పరికే. అల్లుడి పంచన చేరడం కన్నా జిన్నులో పడి చావడం మేలనేది అత్త.

అభ్యంతరాలు చెప్పుకోండని బడిలో మీటింగు పెట్టారు. అత్త పని మానుకుని పోయి ముందు బల్ల మీద కూర్చుంది. మా వార్డు మెంబరు లేచి, "ఊరు పెరగాలప్పా! మన పిల్లోళ్లు గూడా ఈ సందుల్లోనే బతకాల్నా?" అన్నాడు. సగం మంది చప్పట్లు కొట్టారు. నా చేతులు కూడా లేచాయి, అత్త వీపు చూసి దించుకున్నాను.

"పెరగనీ సార్, వద్దన్నదెవరు?" అంటూ అత్త లేచింది. "ఒకింటిని పీకితే పక్కిల్లు యాడ నిలబడతాది? అది సెప్పు."

"ఎవరి ఒప్పుదల వాళ్లది. పక్కింటోళ్లతో మాకేం పని లేదమ్మా."

"మాకుండాది గదా!" అని అత్త కూర్చుంది.

ఆ రోజు నుంచి వీధిలో ఎవరి మొహం వాళ్లు చూసుకోవడానికే జంకారు. ఎవడు ఒప్పుకున్నాడో, ఎవడు రేపు ఒప్పుకుంటాడో! రాత్రి ఎవరింట్లో గునపం చప్పుడైనా అమ్మ ఉలిక్కిపడేది. ఏటా వానలకు ముందు మిద్దెల మీద చౌడు మట్టి పోసి తొక్కుతాం, లేకపోతే కారుతుంది. ఆ ఏడు ఎవరూ మట్టి పోయలేదు. కూలగొట్టే ఇంటికి మట్టెందుకని అందరిదీ ఒకటే లెక్క. అత్త ఒక్కతే గంపతో మట్టి మోసింది. "పీకేదాకా ఇల్లు ఇల్లే గదప్పా" అంటూ తొక్కింది. కొందరు నవ్వారు. మొదటి వానకే వీధి వీధంతా కారింది. నవ్వినవాళ్లే చాపలు చంకన పెట్టుకుని ఆమె ఇంటికి వచ్చారు. "రండి రండి, ప్లాను లోపలికి వస్తాందా?" అని ఎగతాళి చేస్తూనే అందరికీ గంజి కాచి పోసింది.

ఆ వానల్లో అమ్మ ఆయాసం ముదిరింది. నాన్న అన్నం సరిగా తినేవాడు కాదు. ఇటు చూస్తే అమ్మ, అటు చూస్తే గోడ. ఒకరోజు అత్తే వచ్చి గడప మీద కూర్చుంది.

"తమ్ముడా, నువ్వు ఒప్పుకో."

"గోడ పడితే ఎట్లక్కా?"

"పడితే మళ్లా కట్టుకుంటా. పెండ్లాన్ని కట్టుకోలేవు నువ్వు. నేను గుంజలు పెట్టుకుంటాలే, పో."

మా ఇల్లు తీసిన రోజు అత్త ఇల్లు వదిలి బయటికి రాలేదు. దూలాల కింద గుంజలు నిలబెట్టి, గోడకు వీపు ఆనించి కూర్చుంది. ఇవతల ఒక్కో దూలం ఊడినప్పుడల్లా నాన్న "అక్కా!" అని కేకేసేవాడు. లోపలి నుంచి "ఉండాను!" అని వచ్చేది. ఆ జవాబు వచ్చేదాకా నా ప్రాణం నాలో ఉండేది కాదు. గోడ నిలిచింది. దాని ఇవతలి వైపు వానకు తడవకుండా అత్త ఏటా మట్టి మెత్తుకుంటూ వచ్చింది.

తీరా రోడ్డు రానే లేదు. కౌన్సిలు మారింది, లారీలకు వేరే దారి చూపించారు. మా వీధి పళ్లూడిన నోరులా అక్కడక్కడా ఖాళీలతో మిగిలింది. కాలనీలో అమ్మ ఇంకొన్నేళ్లు నిమ్మళంగా ఊపిరి పీల్చింది. అది అత్త ఇచ్చిన ఊపిరి. ఈ మాట ఆమెతో అంటే "సాల్లే పో!" అని కసిరేది.

నేను చేరేసరికి అత్తను బయట, మా ఇల్లున్న ఖాళీ జాగాలో పడుకోబెట్టారు. లోపల గుంజలు అడ్డం, నలుగురు పట్టరు. కాళ్ల దగ్గర కూలబడి ఏడుస్తుంటే ఎదురింటి కోడలు పక్కన కూర్చుంది. "అక్కా, అత్త ఈ జాగా దినామూ ఊడ్సి, నీళ్లు సల్లి, మీ వాకిలి కాడ ముగ్గు పెడతాండె. ఇల్లే లేదు, ముగ్గెందుకత్తా అని మొదట్లో అంటి. వాళ్లేమన్నా సచ్చినారా, వాకిట్లో ముగ్గు లేకపోనీకి? అని నన్ను తిట్టె."

సాయంత్రానికి గాని ఎత్తలేదు. చావు జరిగిన ఇల్లు కాబట్టి ముగ్గు చెరిపేశారు, అత్త వాకిలి బోసిగా ఉంది. మా వాకిలి ఉండిన చోట మాత్రం నిన్నటి ముగ్గు అలాగే ఉంది. పాడె మోసేవాళ్లు దాన్ని తొక్కకుండా పక్కకు జరిగి నడిచారు.