గోలీలకు కుట్టిన జేబులు

ఆ రోజు పొద్దున నా భార్యకు అబద్ధం చెప్పాను. "పెద్ద డాక్టర్ సారు ఫోన్‌ల చెప్పిండు, ఇయ్యాల్టి నుంచి గోలీలు బంద్" అని, డబ్బా తీసి నా అంగీ జేబులో వేసుకున్నాను. నేను ఎవరికీ ఫోన్ చేయలేదు.

ఆమెకు పెద్దపేగులో పుండ్లున్నాయి. రెండేళ్లు నెత్తురు పడింది. కామారెడ్డిలోని ఆ పెద్ద డాక్టరు రాసిన గోలీలతో ఏడాదిగా నిమ్మళంగా ఉంది. నొప్పి, ఉబ్బరం మాత్రం అప్పుడప్పుడు వస్తాయి. కామారెడ్డిలోనే చైనా పద్ధతిలో సూదులు గుచ్చి వైద్యం చేసే ఆయన ఉన్నాడని ఎల్లారెడ్డిలో నా కుట్టు దుకాణానికి వచ్చినవాళ్లు చెప్పారు. దర్జీని కదా, సూది మాట వినగానే నమ్మకం కుదిరింది. పసరు మందు తాగేటప్పుడు ఇంగ్లీషు మందు ముట్టకపోవడం మా ఇంట్లో పత్యం. సూదులకూ అదే పత్యమనుకున్నాను. అడిగితే ఆమె ఒప్పుకోదని డాక్టరు పేరు వాడుకున్నాను.

కామారెడ్డి పోయాక, సూదుల వైద్యుడు ఆమె నాలుక చూసి, రెండు చేతుల నాడి పట్టాడు.

"ఏం గోలీలు వాడుతున్నవమ్మా?"

"ఇయ్యాల్నే బంద్ చేసిన సారూ. పెద్ద డాక్టర్ సారే చెప్పిండట."

ఆయన నావైపు తిరిగాడు. "గట్ల చెప్పడే! ఫోన్ కలుపుండ్రి, నేను మాట్లాడుత."

ఫోన్ తీసి, మళ్లీ జేబులో పెట్టుకున్నాను. "సారు చెప్పలే. నేనే చెప్పిన" అన్నాను.

"నా సూదులతోని నొప్పి జర తగ్గొచ్చు. పుండ్లను ఆపేటియి ఆ గోలీలే. బంద్ చేస్తే నెత్తురు మళ్ల పడొచ్చు. ముందుగాల పోయి ఆ సారుకు చెప్పుండ్రి, తర్వాత నా దగ్గరికి రాండ్రి."

మెట్లు దిగాక నా భార్య, "జాకెట్ చెడితే ఇప్పి మళ్ల కుడుతవు. నా పేగును గట్ల ఇప్పుతవా?" అంది.

పెద్ద డాక్టరు ముందు, ఆమె వింటుండగా, అంతా చెప్పాను. ఆయన కోప్పడి, పొద్దుటి గోలీ అక్కడే వేయించాడు. గోలీలు మానకుండా, ప్రతిసారీ కొత్త సూదులు వాడితే, ఆ వైద్యమూ చేయించుకోవచ్చన్నాడు.

సాయంత్రం దుకాణం తెరిచి ముతక గుడ్డ కత్తిరించాను. దాని మీద వారానికి సరిపడా, పొద్దుటికి ఏడు, రాత్రికి ఏడు జేబులు కుట్టి, ఇంటి గోడకు తగిలించాను.

ఆమె నవ్వింది. "బట్టలిచ్చి నెల దినాలు తిరిగేటోళ్లున్నరు. నా గోలీలకు ఒక్క పూటల కుట్టినవా?"

డబ్బా ఆమె చేతికిచ్చాను. ఏ జేబులో ఏది వేయాలో ఆమె చెబుతుంటే, ఒక్కొక్కటే వేశాను.