ఈస్టరు దాకా మెంబరు కాదు

మా రక్తదాతల ఆన్‌లైన్ టీములో మెంబర్‌షిప్ ఆరు నెలలే. గడువు దగ్గర పడితే ఫోనుకు మెసేజీ వెళ్తుంది. బటన్ నొక్కితే ఇంకో ఆరు నెలలు, నొక్కకపోతే యాప్ తనంతట తానే పేరు తీసేస్తుంది. ఆ నియమం పెట్టించింది నేనే. మా గిద్దలూరు వైపు కూలి జనం మిరపకోతలకని గుంటూరు పోతారు, ఇళ్ళు కట్టే బేల్దారి పనికి బెంగుళూరు పోతారు, నంబర్లు మార్చేస్తారు. ఒకరి ప్రాణం మీదికి వచ్చినప్పుడు పలకని నంబర్లకు ఫోన్లు చేస్తూ కూర్చోవడం నా వల్ల కాదు.

మొన్న ఎండలు మొదలయ్యే రోజుల్లో మార్కాపురంలో మా అక్కకు గర్భసంచి ఆపరేషను జరిగింది. రక్తం పోవడం ఆగలేదు. తెచ్చిపెట్టుకున్నదంతా ఎక్కించేశారు. "ఓ నెగెటివ్ ఇంకొకటి కావాల. తొందరగా చూడమ్మా" అని డాక్టరమ్మ లోపలికి వెళ్ళిపోయింది.

టీములో ఆ గ్రూపు వాడు ఒక్కడే. కొమరోలు దగ్గర పల్లెలో కూలి చేసుకునే కుర్రాడు. యాప్ తెరిస్తే పేరు లేదు. ముందురోజే గడువు అయిపోయింది. పాత మెసేజీల్లో నంబరు వెతికి చేస్తే స్విచ్చాఫ్.

భయం నాకెప్పుడూ కోపంగానే బయటికొస్తుంది. "ఒక్క బటన్ నొక్కడానికి ఏం రోగం వీళ్ళకు?" అని వరండా అదిరేలా అరిచాను. బావ గోడకు ఆనుకున్నాడు.

అరుపు విని వచ్చిన నర్సు ఆ కుర్రాడిది ఏ ఊరని అడిగింది. "మాదీ ఆ పక్కే అక్కా. ఇవి ఈస్టరు ముందొచ్చే శ్రమదినాలు కదా. ఆ ఊరి చర్చోళ్ళు ఉపవాసంలో ఫోన్లు గూడా ఆపేసి పాస్టరమ్మ దగ్గర పెట్టేస్తారు. ఈస్టరు దాకా ముట్టరు."

ఫోనుకూ ఉపవాసం ఉంటుందని యాప్‌కూ తెలీదు, నాకూ తెలీదు.

నర్సే పాస్టరమ్మకు ఫోన్ చేసింది. చర్చి మైకులో పిలిచారట. చేలో ఉన్నవాడు విని, ఎవరిదో బండి వెనక ఎక్కి బయల్దేరాడట. గిద్దలూరు దాటినారన్నారు. అక్క చేతులు చల్లబడుతున్నాయని బావ వచ్చి చెప్పాడు. అప్పుడు ఇంకో భయం పట్టుకుంది. ఉపవాసం ఉన్నవాళ్ళ దగ్గర రక్తం తీసుకోరు. వాళ్ళేమో పొద్దుగూకేదాకా ఏమీ తినరు. అంత దూరం వచ్చీ ఏం లాభం?

చొక్కా నిండా దుమ్ముతో వచ్చాడు. నేను నోరు తెరవకముందే, "తిన్నా అక్కా. కంభంలో బండి ఆపి ఇడ్లీ తిన్నా. తినే పొమ్మని పాస్టరమ్మ చెప్పినాది" అన్నాడు.

పరీక్షలు చేసి రక్తం తీసుకున్నారు. సంచి లోపలికి వెళ్ళింది. అతను బెంచీ మీద కూర్చుని జ్యూసు తాగుతున్నాడు. ఊరికే కూర్చుంటే పిచ్చెక్కేలా ఉంది నాకు.

"తమ్ముడూ, నీ మెంబర్‌షిప్ పోయింది. పాస్టరమ్మ దగ్గర ఫోన్ తీసుకుని ఆ బటన్ నొక్కు" అన్నాను. పుట్టుకతో వచ్చిన బుద్ధి ఎక్కడికి పోతుంది.

"ఈస్టరు అయినాక నొక్కుతాలే అక్కా."

"అందాక నువ్వు మెంబరువి కాదు మరి."

జ్యూసు గ్లాసు కింద పెట్టేశాడు. మొహంలో రంగు మారింది.

"అట్లయితే ఆ రక్తం పెద్దక్కకు పనికొస్తాదా?"

అతని చెయ్యి పట్టుకుని అట్లాగే కూర్చున్నాను. బావ బయటికొచ్చి, అక్క కళ్ళు తెరిచిందని అతనికే చెప్పాడు.